ఇరవై మూడేళ్ల వేషం

పోయిన నెల మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, తనకొక డైలీ సీరియల్లో వేషం వచ్చిందనీ, ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాననీ చెప్పింది. మూడేళ్లుగా నాటకాల్లో వేస్తూ, మిగిలిన రోజుల్లో ఫొటోలు పట్టుకుని సినిమా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న పిల్ల. వచ్చిన వేషం కథానాయికది కాదు, కథానాయిక ఎదురింట్లో ఉండి అందరి సంగతులూ ఆరా తీసే ఆవిడది. ఎన్నాళ్లుంటుందని అడిగితే, "సీరియల్ నడిస్తే నాలుగేళ్లట అత్తయ్యా" అంది. వెనక నుంచి మా అన్నయ్య గొంతు వినపడింది: "సీరియల్ మొహమని ఒకసారి ముద్ర పడితే సినిమావాళ్లు మళ్లీ పిలవరు. అయినా నాలుగేళ్లు ఒకటే వేషం వేస్తే అది ఉద్యోగమవుతుంది గానీ నటనెట్లా అవుతుందే?"

ముద్ర సంగతి నాకు తెలియదు గానీ, రెండో మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తెనాలిలో పరిషత్తు నాటకాలు చూస్తూ పెరిగినవాడు మా అన్నయ్య; నటన గురించి ఊరికే నోరు పారేసుకునే మనిషి కాదు. చదువుకున్నవాళ్లలో చాలామందికి ఉన్న అభిప్రాయమే అతనూ చెప్పాడు. మొన్నమొన్నటి దాకా నాదీ అదే. అది తప్పని నేను తెలుసుకున్నది మాత్రం మన సీరియళ్ల వల్ల కాదు. జీన్ అలెగ్జాండర్ అనే ఇంగ్లీషు నటి వల్ల. కరొనేషన్ స్ట్రీట్ అనే ఇంగ్లండు టీవీ సీరియల్లో ఆమె ఒకే వేషాన్ని, జుట్టుకు వంకీలు తిప్పే కర్లర్లు చుట్టుకుని పైన గుడ్డ కట్టుకున్న హిల్డా ఆగ్డెన్ అనే పాచిపని మనిషి వేషాన్ని, 1964 నుంచి 1987 దాకా ఇరవై మూడేళ్లు వేసింది.

పక్కింటి టీవీలో

2016 అక్టోబరు నెల నడుమ ఒక సాయంత్రం. మేము ఇంగ్లండులోని స్టాక్‌పోర్ట్‌లో కొత్తగా మారిన ఇంటి పక్కన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. చలికాలంలో చెత్త డబ్బాలు రోడ్డు మీదికి నెట్టే సాయం చేస్తూ చేస్తూ మేమిద్దరం స్నేహితులమయ్యాం. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి వార్తల్లో జీన్ అలెగ్జాండర్ చనిపోయిందని చెబుతున్నారు. తొంభయ్యో పుట్టినరోజు అయిన మూడో రోజున, సౌత్‌పోర్ట్‌లో. ఆ పేరు నేను అప్పటిదాకా విననేలేదు. వార్త చదివే ఆవిడ, ఇప్పుడు ఆ ప్రసిద్ధ దృశ్యం చూద్దామనగానే పక్కింటావిడ లేచి, టీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేనొక్కదాన్నే చూశాను. నల్ల దుస్తుల్లో, అంత్యక్రియల నుంచి తిరిగొచ్చిన ఒక నడివయసు దాటిన ఆవిడ. ముందుగదిలో బల్ల మీద గోధుమరంగు కాగితంలో చుట్టిన పొట్లం, ఆసుపత్రి వాళ్లిచ్చిన భర్త సామాను. పొట్లం విప్పుతుంది. బట్టలు. వాటి మధ్య కళ్లద్దాల డబ్బా. దాన్ని తెరుస్తుంది. అంతవరకూ నిబ్బరంగా ఉన్న మొహం అక్కడ కరిగిపోతుంది. మాటలేమీ లేవు. ఓదార్చడానికి గదిలో ఇంకో మనిషి లేడు.

నిజం చెప్పాలంటే నాకు ఏడుపు రాలేదు. బాగా చేసిందనుకున్నాను, అంతే. వంటింట్లో కెటిల్ ఎప్పుడో మరిగి ఆగిపోయింది. పక్కింటావిడ మాత్రం చాలాసేపటి దాకా బయటికి రాలేదు. వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ దృశ్యం 1984 నవంబరు నాటిదట. ముప్ఫై రెండేళ్ల కిందట ఒకసారి చూసిన దాన్ని మళ్లీ చూడలేక పక్కగదిలోకి వెళ్లిన మనిషినీ, అదే మొదటిసారి చూసి చప్పరించిన నన్నూ పక్కపక్కన పెడితే, నేను చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది. అది అర్థం కావడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది.

మరుసటి సంవత్సరం ఐటీవీ3 చానెల్ వాళ్లు కరొనేషన్ స్ట్రీట్ పాత ఎపిసోడ్లను, 1986 నుంచి మొదలుపెట్టి, మధ్యాహ్నాలు వేయడం ప్రారంభించారు. నేనప్పుడు వారానికి మూడు రోజులే పనికి వెళ్తున్నాను. పక్కింటావిడకు తోడు కూర్చుంటానన్న వంకతో మొదలుపెట్టి, నేనే అలవాటు పడిపోయాను. హిల్డా ఆగ్డెన్‌కు అప్పటికే భర్త పోయాడు. నేను చూసింది ఆ వేషంలో ఆమె గడిపిన ఆఖరి రెండేళ్లే. ఆ రెండేళ్ల ఎపిసోడ్లు పూర్తయిన తర్వాత ఒక రాత్రి ఫోన్లో ఆ పొట్లం దృశ్యం మళ్లీ వెతికి చూశాను. పూర్తిగా చూడలేకపోయాను.

దృశ్యంలో మార్పేమీ లేదు. ఆమె నటనా అదే. నాలో రెండేళ్లు పోగుపడ్డాయి.

కాలమే సరుకు

సినిమా నటికి రెండున్నర గంటలుంటాయి. ఆ వ్యవధిలోనే భర్త మీద ఆమెకు ప్రేమ ఉందని చూపించాలి, వాళ్లు పోట్లాడుకున్నారని చూపించాలి, అతని కళ్లద్దాలను ముందే ఒకసారి మన కంట పడెయ్యాలి, చివర ఆ కళ్లద్దాలతోనే ఏడిపించాలి. తెలివైన దర్శకుడైతే మనకా కుట్టు కనపడకుండా కుడతాడు గానీ, కుట్టు అంటూ ఉంటుంది. హిల్డా విషయంలో ఎవరూ ఏమీ కుట్టలేదు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో భర్త స్టాన్ బనీనుతో సోఫాలో కూలబడి ఉన్నాడు, హిల్డా అరుస్తూ ఉంది. వాళ్లకు బాకీలు తీరలేదు, గోడ మీద ఎగురుతున్న మూడు బాతుల బొమ్మల్లో నడిమి బాతు తల కిందికే వాలి ఉంది. వీధి మొత్తంలో నోరున్న మనిషి ఆమే. అంత నోరున్న మనిషి, పొట్లం విప్పినప్పుడు ఒక్క మాటా మాట్లాడదు. ఆ మౌనం వెనక ఇరవై ఏళ్ల అరుపులున్నాయి. ఎంత డబ్బున్న నిర్మాత అయినా కొనలేని సరుకు అది.

కాబట్టి దీర్ఘకాలం నడిచే సీరియల్లో నటించడమన్నది నాటకానికీ సినిమాకూ తక్కువరకం నకలు కాదనీ, దానికి దానిదైన ముడిసరుకు ఉందనీ, ఆ ముడిసరుకు కాలమనీ నా వాదన. నాటకం వేసేవాడు అదే పాఠాన్ని మళ్లీమళ్లీ చెబుతాడు. మనవైపు పీసపాటి నరసింహమూర్తి గారు జీవితమంతా కృష్ణుడు కట్టారు, డి.వి. సుబ్బారావు గారి పేరు చెబితే హరిశ్చంద్రుడే గుర్తొస్తాడు. ఒకటే వేషం వేశారు కనుక అది నటన కాదని వాళ్ల గురించి మా అన్నయ్య కలలో కూడా అనడు. పైగా పద్యానికి వన్స్‌మోర్ కొట్టి మళ్లీ పాడించుకునే రకం. అయితే ఆ పోలిక కూడా ఇక్కడ పూర్తిగా కుదరదు. కృష్ణుడికి వయసు రాదు, పడక సీను మారదు. హిల్డా విషయంలో పాఠం ఏనాడూ రెండోసారి రాదు. వారానికి రెండు ఎపిసోడ్లు, ప్రతిసారీ కొత్త మాటలు. మారకుండా ఉండవలసింది మనిషి. ముప్ఫై ఏడేళ్లకు ఆ వేషంలోకి వచ్చి అరవై ఒకటో ఏట బయటికొచ్చిన ఆమె మొహం మీద పడిన ప్రతి గీతా హిల్డా మొహం మీద పడిన గీతే. వయసు మేకప్పు కాదు, వయసే.

ఆ పని చెయ్యడానికి ఎట్లాంటి తర్ఫీదు కావాలో ఆమె తొలినాళ్లు చూస్తే తెలుస్తుంది. 1926లో లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ పేటలో ఒక ఎలక్ట్రీషియన్ ఇంట్లో పుట్టింది. బడి అయిపోయాక కొన్నేళ్లు గ్రంథాలయంలో సహాయకురాలిగా పనిచేసింది. 1949లో మాకిల్స్‌ఫీల్డ్‌లోని అడెల్ఫీ గిల్డ్ అనే నాటక సమాజంలో చేరింది. ఆ తరువాత పదేళ్లకు పైగా ఓల్డ్‌హామ్, మా స్టాక్‌పోర్ట్, యార్క్ ఊళ్లలో రెపర్టరీ నాటకాలు. రెపర్టరీ అంటే రాత్రికి ఈ వారపు నాటకం ఆడుతూ పగలు వచ్చే వారపు నాటకం వల్లెవేసుకునే గానుగ పని. వేషాలతో పాటు దుస్తుల బాధ్యత కూడా ఆమె చూసుకున్న సందర్భాలున్నాయి. వారం తిరిగేసరికి కొత్త పాఠం నోటికి రావాలన్న అలవాటు, వేసుకున్న బట్టే సగం మనిషన్న ఎరుక, ఈ రెండూ ఆమెకు అక్కడే అబ్బి ఉంటాయి. 1962లో కరొనేషన్ స్ట్రీట్‌లోనే ఇల్లు అద్దెకిచ్చే ఆవిడగా చిన్న వేషం వేసి వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత జులైలో హిల్డాగా తిరిగొచ్చింది.

కర్లర్ల సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఆలోచన ఆమెదే. యుద్ధకాలంలో లివర్‌పూల్ వైపు ఆయుధాల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు కర్లర్లు చుట్టుకుని, జుట్టు యంత్రంలో పడకుండా పైన గుడ్డ కట్టుకుని పనికి వెళ్లేవారు. సాయంత్రం ఎవరైనా షికారుకు పిలిస్తే గుడ్డ తీసేస్తే చాలు, జుట్టు తయారుగా ఉంటుందని. హిల్డాను ఎవరూ పిలవరు. ఇరవై మూడేళ్లు ఆమె కర్లర్లు తియ్యవలసిన సాయంత్రం దాదాపు రానే లేదు. ఈ సంగతి చదవక ముందు ఆ కర్లర్లు నాకు నవ్వు తెప్పించేవి. చదివాక, నవ్వు పోలేదు గానీ, దాని అడుగున ఇంకేదో తగిలింది.

చేతులు కూడా చూడాలి. హిల్డా రోవర్స్ రిటర్న్ పబ్బులో నేల తుడుస్తుంది. మా పక్కింటావిడ ఇరవై ఏళ్లకు పైగా బళ్లలో క్లీనరుగా పనిచేసిన మనిషి. ఒక మధ్యాహ్నం హిల్డా తుడుపుగుడ్డ పిండుతుంటే నా మోచెయ్యి పట్టుకుని, "చూడు, నీళ్లు తన మీద చిందకుండా ఎట్లా పిండుతోందో. అది నటించేవాళ్లకు రాదు" అంది. టీవీలో పనివాళ్లుగా వేసేవాళ్లు చీపురును దువ్వెనలా పట్టుకుంటారని ఆమె ఫిర్యాదు. నటనకు నేను విన్న సమీక్షలన్నిటిలోకీ అది సూటిగా తగిలినది.

అలవాటా, అభినయమా

ఇక్కడ నాకు నేనే అడ్డుపడాలి. ఇరవై ఏళ్లు వారానికి రెండుసార్లు ఇంట్లోకి వచ్చే మనిషి మీద ఎవరికైనా మమకారం ఏర్పడుతుంది కదా, అందులో నటి గొప్పేముంది? వీధి చివర కిరాణా కొట్టాయన పోయినా బాధపడతాం. ఆయన మహానటుడని అనం. ఈ ప్రశ్న ఎంత దులిపినా పూర్తిగా వదలదు. కాని అదే సీరియల్లో ఆమెతో పాటు, కొందరు ఆమె కంటే ఎక్కువ కాలం, కనిపించినవాళ్లున్నారు. వాళ్లందరి విషయంలో ఇట్లా జరగలేదు. ఆ పొట్లం దృశ్యానికి మరుసటి సంవత్సరం ఆమెకు రాయల్ టెలివిజన్ సొసైటీ బహుమతి ఇచ్చింది. ఆమె నిష్క్రమించిన తర్వాత 1988లో బాఫ్టా అనే బ్రిటిష్ సినిమా, టీవీ పురస్కారాల్లో ఉత్తమ నటి బహుమతికి ఆమె పేరు పరిశీలనకు వచ్చింది. సీరియల్ అంటే ముక్కు చిట్లించే ఊళ్లోనూ అది గమనించక తప్పలేదన్నమాట. అలవాటు అనేది నేలలాంటిది. అందరికీ అంతే దొరుకుతుంది, పంట అందరికీ పండదు.

రెండో చిక్కు ఇంకా పీకలోతుది. స్టాన్‌గా వేసిన బెర్నార్డ్ యూయెన్స్ 1984 ఆగస్టులో నిజంగానే చనిపోయాడు. అంటే నవంబరులో ఆమె పొట్లం విప్పినప్పుడు, ఇరవై ఏళ్లు తన పక్కన పనిచేసిన మనిషి నిజంగానే లేడు. మరి ఆ కన్నీళ్లు హిల్డావా, జీన్‌వా? తోటి ఉద్యోగి పోతే ఏడ్చిన మనిషిని కెమెరా పట్టుకుందనీ, అందులో అభినయం తక్కువనీ ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత తోచినదేమంటే, నిజమైన దుఃఖం నటుడికి సాయం కంటే అడ్డమే ఎక్కువ. నిజంగా ఏడుపొస్తున్న మనిషి గుమ్మంలోనే ఏడుస్తుంది. పొట్లం విప్పే దాకా, బట్టలు దాటే దాకా, డబ్బా తెరిచే దాకా ఆగదు. ఎక్కడ ఆపాలో, ఏ వస్తువు దగ్గర వదలాలో లెక్క తప్పకుండా ఉండటమే ఆ దృశ్యంలోని పనితనం. ఏడుపు ఎవరిదైనా ఆపుకోవడం మాత్రం నటిది.

యూయెన్స్ గురించి ఒక ముక్క. ఈ సీరియల్ తీసే గ్రనాడా టెలివిజన్ మొదలైన రోజుల్లో అతను అక్కడ అనౌన్సరు. నిండైన, సంస్కారవంతమైన కంఠం. ఆ కంఠాన్ని దాచిపెట్టి ఇరవై ఏళ్లు బీరు కోసం నసిగే సోమరిలా మాట్లాడాడు. తర్వాత పక్షవాతం వచ్చి మాట కష్టమైన రోజుల్లోనూ వేషం వదల్లేదు. హిల్డాకు అన్ని మార్కులూ వేసి స్టాన్‌ను మరిచిపోతే అన్యాయం. ఆమె అంతగా అరవడానికి ఎదురుగా అంతగా కదలని మనిషి ఉండాలి. ఒకసారి ఇద్దరికీ ఒక పెద్ద హోటల్లో రాత్రి గడిపే బహుమతి తగులుతుంది. హిల్డా లిప్‌స్టిక్ వేసుకుంటుంది. ముద్దు పెట్టుకున్న స్టాన్ ఈ లిప్‌స్టిక్ ఏం రుచి అని అడుగుతాడు. ఆడదాని రుచి స్టాన్లీ, ఆడదాని రుచి అంటుంది ఆమె. కర్లర్లు తీసిన అరుదైన సాయంత్రాల్లో అదొకటి.

ఆ నవ్వు ఎవరిది

నా వాదనకు అన్నిటికంటే గట్టి దెబ్బ మాత్రం వేరే వైపు నుంచి తగులుతుంది. హిల్డా పేదరాలు, చదువు లేనిది, ఇతరుల సంగతులు వినడానికి గోడకు చెవి ఆనించేది. గోడ మీద కొండల దృశ్యం ఉన్న వాల్‌పేపర్ అంటించుకుని, దాన్ని మ్యూరల్ (కుడ్యచిత్రం) అనబోయి "మ్యూరియల్" అంటుంది. మ్యూరియల్ అన్నది ఆడవాళ్ల పేరు. నేల తుడిచే మనిషి నోట పెద్దమాట తిరగబడటం చూసి దేశమంతా నవ్వింది. మన సినిమాల్లో పనిమనిషి వేషం హాస్యానికి తప్ప మరెందుకూ పనికిరాకపోవడం చూసి విసుగెత్తిన నాలాంటిది ఇక్కడ మాత్రం చప్పట్లు ఎందుకు కొడుతోంది?

పైగా ఆమె అభిమానుల్లో పెద్దలున్నారు. ఆస్థానకవి జాన్ బెట్జమన్, నటుడు లారెన్స్ ఒలీవియే వంటివారి పేర్లతో 1970ల చివర హిల్డా ఆగ్డెన్ అభిమాన సంఘమే ఒకటి వెలిసింది. కొంత సరదాకి పెట్టుకున్నదే అయినా, సర్ బిరుదున్నవాళ్లు ఒక పాచిపని మనిషికి సంఘం పెట్టడంలో ప్రేమ ఎంతో, పైనుంచి తల నిమరడం ఎంతో నేను విడదీయలేను. 1982లో జరిగిన ఒక పోల్‌లో, బ్రిటన్ జనం వెంటనే గుర్తుపట్టే ఆడవాళ్లలో ఆమెది నాలుగో స్థానమట. ముందున్న ముగ్గురూ రాజమాత, రాణి, డయానా. నాలుగోది కర్లర్ల మనిషి. ఆ వరస చూసి నవ్వాలో గర్వపడాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ఈ సందేహం పక్కింటావిడ ముందు పెట్టాను. మీ వృత్తి మనిషిని చూసి లోకం నవ్వుతుంటే మీకు కష్టం అనిపించలేదా అని. ఆమె కాసేపు ఆలోచించి, మొదట్లో అనిపించిందనీ, తమ అమ్మయితే హిల్డా కనిపించగానే మొహం తిప్పుకునేదనీ చెప్పింది. అట్లాంటి వీధుల్లో అద్దెలు కట్టలేని ఇళ్లలో పెరిగినవాళ్లకు, తమ ఇంటి సంగతి పదిమందిలో పెట్టినట్టుండేదట. కాని ఏళ్లు గడిచే కొద్దీ హిల్డాను చూసి నవ్వడం పోయి, హిల్డా ఎవర్ని చూసి నవ్వుతుందో చూడటం మొదలైందట. ఇది నాకు సరిగ్గా అనిపించింది. రెండు గంటల సినిమాలో హాస్యపాత్ర హాస్యపాత్రగానే ఉండిపోతుంది, దానికి ఇంకో ముఖం చూపించే వ్యవధి ఉండదు. ఇరవై ఏళ్లు ఒకరిని చూసి నవ్వుతూనే ఉండలేం. నవ్వు అరిగిపోయి మనిషి బయటపడుతుంది. బయటపడటానికి లోపల మనిషంటూ ఉండాలి, ఆ మనిషిని జీన్ అలెగ్జాండర్ మొదటి రోజు నుంచీ లోపల పెట్టుకునే ఉంది. అయినా పక్కింటావిడ తల్లి మొహం తిప్పుకున్న సంగతి తీసిపారెయ్యదగ్గది కాదు. ఆమె కోణంలో ఆమెదే సరి.

మరి ఎందుకు మానేసింది

అంత గొప్ప కళైతే 1987లో తనంతట తానే ఎందుకు బయటికొచ్చిందని మా అన్నయ్య తప్పకుండా అడుగుతాడు. స్టాన్ పోయాక మూడేళ్లు చేసి, ఇక చాలనుకుంది. గొడవ పడి కాదు, గెంటేస్తే కాదు. కథలో హిల్డా పదమూడో నంబరు ఇంటిని తన దగ్గరే అద్దెకున్న కుర్ర దంపతులకు అమ్మేసి, డెర్బీషైర్‌లో ఒక డాక్టరు గారింట్లో హౌస్‌కీపరుగా వెళ్తుంది. క్రిస్మస్ రోజు రాత్రి పబ్బులో వీడ్కోలు. తుడిచే ప్రతిరోజూ పాటను ఈలలాంటి సన్నని గొంతుతో చీల్చి చెండాడిన మనిషి, ఆ రోజు వాళ్లందరి ముందూ యుద్ధకాలపు వీడ్కోలు పాట ఒకటి పాడుతుంది. ఐదున్నర కోట్లు దాటిన దేశంలో ఆ ఎపిసోడ్‌ను 2 కోట్ల 60 లక్షల మందికి పైగా చూశారు. ఆ సీరియల్ చరిత్రలో అంతమంది చూసిన ఎపిసోడ్ మరొకటి లేదు. మేము ఐటీవీ3లో చూసినప్పుడు పక్కింటావిడ ఈసారి వంటింట్లోకి వెళ్లలేదు. నోరు మెదిపి మెదపకుండా తనూ పాడింది.

వెళ్లిపోవడం నా వాదనకు అడ్డు రాదు. కాలం ముడిసరుకైన పనిలో ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా పనితనమే. హిల్డాకు స్టాన్ లేకుండా అరవడానికి గోడ లేదు. ఆ సంగతి రచయితల కంటే ముందు ఆమెకే తెలిసిందనుకుంటాను. ఇంకా ఉండిపోయి ఉంటే గడ్డకట్టిన బొమ్మై ఉండేది.

ముద్ర సంగతికి వస్తే, ఆమె తరువాతి ఇరవై ఏళ్లే జవాబు. సీరియల్ వదిలిన మరుసటి ఏడాది లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్ అనే హాస్యధారావాహికలో ఒక్క ఎపిసోడ్ కోసం ఆంటీ వెయిన్‌రైట్ అనే వేషం కట్టింది. పాత సామాను కొట్టు నడుపుతూ, లోపల అడుగుపెట్టిన వాడికి అక్కర్లేని తుక్కు అంటగట్టకుండా బయటికి పోనివ్వని ముసలావిడ. 1992 నుంచి అది స్థిరమైన వేషమైంది, 2010లో ఆ హాస్యధారావాహిక ముగిసే దాకా కొనసాగింది. హిల్డా అందరి దగ్గరా మోసపోయే మనిషి, ఈవిడ అందరినీ ముంచే మనిషి. అదే శరీరం, అదే ఇంగ్లండు ఉత్తరాది యాస, పోలికన్నదే లేదు. యువతరం ప్రేక్షకులు కొందరికి ఆమె హిల్డా అని తెలియనే తెలియదని పక్కింటావిడ మనవడు నాతో అన్నాడు. తమాషా ఏమిటంటే, ఒకే వేషం ఇక చాలని బయటికొచ్చిన మనిషి మళ్లీ ఇరవై ఏళ్లు నడిచే వేషంలోకే నడిచి వెళ్లింది. అదే ఆమెకు వచ్చిన విద్య, నచ్చిన విద్య కూడా కావచ్చు. పెళ్లి చేసుకోలేదు, సౌత్‌పోర్ట్‌లో ఒక్కతే ఉండేది, ఒంటరితనం తనకు ఇష్టమనే చెప్పుకునేది. ఎనభయ్యేళ్లు దాటాక గాని పని మానలేదు.

మళ్లీ ఫోన్

ఇదంతా నేను మా మేనకోడలికి చెప్పాలనే కూర్చుని ఆలోచించాను. చెప్పేముందు, ఇది దానికి ఎంతవరకు వర్తిస్తుందో చూసుకోవాలి కదా. గ్రనాడా వాళ్లు ఆ రోజుల్లో వారానికి రెండు ఎపిసోడ్లు తీసేవారు. మన డైలీ సీరియళ్లు వారానికి ఆరు రోజులు వస్తాయి. పొద్దున ఇచ్చిన సీను మధ్యాహ్నానికి తీసేస్తుంటే తుడుపుగుడ్డ ఎట్లా పిండాలో నేర్చుకునే తీరిక ఎవరికుంటుంది? హిల్డా సగం జీవితం గొంతులో ఉంది. మన సీరియళ్లలో చాలామంది కథానాయికలు కన్నడదేశం నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల గొంతు వాళ్లది కాదు, డబ్బింగ్ థియేటర్లో ఎవరిదో. ఇక పట్టుచీర, నిండు నగలతో నిద్రపోయే ఇళ్లలో కర్లర్లకు చోటు ఉంటుందా? నేను పొగిడే కళ అక్కడ పుట్టే అవకాశం తక్కువేనని ఒప్పుకోక తప్పదు. కాలం ఒక్కటే చాలదు, ఆ కాలంలో కాస్త ఊపిరి తీసుకునే సందు కూడా ఉండాలి.

అయినా ఎదురింటావిడ వేషం కదా. పట్టుచీరల బాధ్యత కథానాయికది. ఎదురింటావిడ నేతచీరతో నడవొచ్చు, సొంత గొంతుతో మాట్లాడొచ్చు. సందు దొరికితే అక్కడే దొరుకుతుంది.

పోయిన ఆదివారం ఫోన్ చేసి ఈ పురాణమంతా విప్పాను. కళ్లద్దాల డబ్బా దగ్గరికి వచ్చేసరికి నా గొంతే పూడుకుపోయింది. అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. కదిలిపోయిందేమో అనుకున్నాను.

"అత్తయ్యా, ఆవిడకి నెల జీతమా, ఎపిసోడ్‌కి ఇంతనా?" అంది. "మాకు తొంభై రోజుల తర్వాత గాని చెక్కు రాదంటున్నారు. ఆదివారం నాటకం రిహార్సల్‌కి వదులుతారో లేదో అది కూడా రాసివ్వమనాలా?"

రాసివ్వమనమన్నాను.

వెనక నుంచి మా అన్నయ్య, ఆ దృశ్యం లింకు వాట్సప్‌లో పెట్టమని అరిచాడు.